మన లావాదేవీని కంప్యూటర్ ఎలా చదువుతుంది? కాంప్లెక్స్ ఈవెంట్ ప్రాసెసింగ్ గురించి తెలుసుకుందాం

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువు ఉన్న రైతుని ఎవరినైనా అడగండి, చెరువు ఒక్క కారణంతో పాడవదని చెబుతాడు. పగలంతా మబ్బు పట్టి ఉంటే ఏమీ కాదు. గాలి ఆడకపోయినా ఫర్వాలేదు. రాత్రి కాసేపు కరెంటు పోయినా ఓర్చుకోవచ్చు. కానీ పగలు మబ్బు, సాయంత్రం నుంచి గాలి లేకపోవడం, రాత్రి రెండింటికి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోవడం, ఈ మూడూ ఒకే రోజు వరసగా జరిగితే తెల్లారేసరికి చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఎండ లేని రోజు నీటిలో ఆక్సిజన్ తక్కువ తయారవుతుంది. రాత్రంతా చేపలూ నాచూ దాన్ని వాడుకుంటాయి. తెల్లవారుజాముకి అది బాగా తగ్గిపోతుంది.

అనుభవం ఉన్న రైతు అప్పటిదాకా ఆగడు. మూడు చిన్న సంగతుల్ని కలిపి ఒక పెద్ద సంగతిగా చదువుతాడు, అర్ధరాత్రే లేచి జనరేటర్ వేస్తాడు. కంప్యూటర్‌కి ఇదే పని నేర్పితే దాని పేరు కాంప్లెక్స్ ఈవెంట్ ప్రాసెసింగ్. పొట్టిగా సీఈపీ అంటారు.

బ్యాంకులు, టోల్‌గేట్లు, జీఎస్టీ, షేర్ మార్కెట్ ఇవాళ ఈ పద్ధతిని వాడుకుంటున్నాయి. ఏలూరు చేపల దుకాణంలో స్కాన్ చేసినా, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో బేరం కుదిరి ఫోన్‌లో డబ్బు పంపినా, ఇలాంటి యంత్రం కళ్ళ ముందు నుంచే ఆ డబ్బు వెళుతుంది. అది దొంగని పట్టుకుంటుంది. ఒక్కోసారి నిజాయితీపరుణ్ణి కూడా ఆపేస్తుంది. అందుకే అది ఎలా ఆలోచిస్తుందో ప్రతి ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

ఈవెంట్ అంటే ఏమిటి?

ఫలానా సమయానికి ఫలానాది జరిగింది అని చెప్పే ఒక్క నమోదే ఈవెంట్. అందులో మూడు విషయాలు ఉంటాయి: ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎవరికి లేదా ఎక్కడ జరిగింది. ఖాతాలో డబ్బు పడటం ఒక ఈవెంట్. పిన్ తప్పు కొట్టడం ఒక ఈవెంట్. ఫోన్ మార్చడం, లారీ టోల్‌గేటు దాటడం కూడా ఈవెంట్లే. వీటిని సింపుల్ ఈవెంట్లు అంటారు.

కొన్ని సింపుల్ ఈవెంట్లని సమయాన్ని బట్టి, వరసని బట్టి, వాటి మధ్య సంబంధాన్ని బట్టి కలిపి చూస్తే తేలే పెద్ద సంగతి కాంప్లెక్స్ ఈవెంట్. ఇక్కడ కాంప్లెక్స్ అంటే కష్టమైనది అని కాదు, చాలావాటితో కూడినది అని. పిన్ మూడుసార్లు తప్పు కొట్టడం, తర్వాత కొత్త ఫోన్‌లో యాప్ తెరవడం, వెంటనే ఖాతాలో ఉన్నదంతా పంపేయడం, ఈ మూడూ కలిస్తే "ఖాతా వేరేవాళ్ళ చేతిలో పడి ఉండొచ్చు" అనే కాంప్లెక్స్ ఈవెంట్ అవుతుంది. విడివిడిగా చూస్తే ఏదీ నేరం కాదు.

ఈ శాస్త్రానికి పేరు తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేవిడ్ లక్హమ్‌ని. 1990లలో ఆయన చేసిన పరిశోధన 2002లో 'ది పవర్ ఆఫ్ ఈవెంట్స్' అనే పుస్తకంగా వచ్చింది.

చిట్టా ఆవర్జాల నుంచి సెకన్ల లెక్కకి

మన పాత వ్యాపారాలు చిట్టా, ఆవర్జాల మీద నడిచేవి. జమా, ఖర్చు, బాకీ, వసూలు అనే మాటలు తెలుగు లెక్కల్లోకి ఉర్దూ, ఫారసీల వైపు నుంచే వచ్చాయి. పొద్దుట నుంచి చిట్టాలో రాసుకుంటూ పోయి, రాత్రి దుకాణం కట్టేముందు రోకడ సరిచూసుకునేవారు. బ్యాంకులు కూడా చాలాకాలం ఇలాగే రోజు చివర లెక్క కట్టేవి. కంప్యూటర్ భాషలో దీన్ని బ్యాచ్ పద్ధతి అంటారు.

దీనితో ఇబ్బంది ఏమిటంటే, పొరపాటు రాత్రికి బయటపడేసరికి డబ్బు ఊరు దాటేస్తుంది. యూపీఐ 2016 ఏప్రిల్‌లో మొదలైంది. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే 2,000 కోట్ల లావాదేవీలు దాటింది. సగటున చూస్తే సెకనుకి 7,400కి పైగా. అదే ఏడాది జూన్‌లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్, చెల్లింపుకి బ్యాంకులు జవాబు ఇచ్చే గడువుని 30 సెకన్ల నుంచి 15 సెకన్లకి తగ్గించింది. "ఇది మంచి లావాదేవీయా, అనుమానించాలా" అన్నది కూడా ఆ కాసేపట్లోనే తేలిపోవాలి.

పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ తేడా చెరువు భాషలో ఇలా చెప్పొచ్చు. చెరువు ఎండగట్టి శీలావతి ఎన్ని, బొచ్చె ఎన్ని అని లెక్కపెట్టడం పాత పద్ధతి. అందులో సమాచారం ఒకచోట నిలబడి ఉంటుంది, ప్రశ్న తర్వాత వస్తుంది. కాలవకి అడ్డంగా వల కట్టి, దాటే ప్రతి చేపనీ చూడటం కొత్త పద్ధతి. ఇక్కడ ప్రశ్న ముందే సిద్ధంగా నిలబడి ఉంటుంది, సమాచారం దాని ముందు నుంచి పారుతూ పోతుంది.

యంత్రం చేసే ఆరు పనులు

1. వడపోత. ప్రతి ఈవెంట్‌నీ లోతుగా చూడటం కుదరదు. పాలబూత్‌లో ఇచ్చే 30 రూపాయల్ని వదిలేసి, ముందుగా పెట్టిన షరతులకి సరిపోయేవాటినే లోపలికి తీసుకుంటుంది.

2. సమయపు కిటికీ. "గత 10 నిమిషాల్లో", "గత 24 గంటల్లో" అని ఒక హద్దు పెట్టుకుని చూస్తుంది. కొత్త ఈవెంట్ వచ్చేకొద్దీ ఈ కిటికీ ముందుకి జరుగుతుంది, పాతవి బయటకి పోతాయి.

3. లెక్క కట్టడం. ఆ కిటికీలో ఎన్ని లావాదేవీలు, మొత్తం ఎంత, ఎంతమంది వేర్వేరు మనుషుల నుంచి వచ్చింది అని లెక్కిస్తుంది.

4. వరస చూడటం. ముందు ఏది, తర్వాత ఏది అన్నది ముఖ్యం. ఫోన్ మార్చి, తర్వాత డబ్బు పంపడం వేరు. డబ్బు పంపి, తర్వాత ఫోన్ మార్చడం వేరు.

5. పాత సమాచారంతో జతచేయడం. 2 లక్షలు జమ కావడం రొయ్యల వ్యాపారికి మామూలే. రెండేళ్ళుగా కదలిక లేని కాలేజీ కుర్రాడి ఖాతాకి మామూలు కాదు. అందుకే ఈ ఖాతా అలవాట్లు ఏమిటో పక్కన పెట్టుకుని చూస్తుంది.

6. జరగనిదాన్ని గమనించడం. చాలామందికి ఇది తట్టదు. ఒకరి ఖాతాలో డబ్బు తగ్గింది, అవతలివాళ్ళకి చేరలేదు అనుకుందాం. రావాల్సిన ఈవెంట్ గడువులోగా రాకపోవడమే ఇక్కడ ఈవెంట్. రిజర్వ్ బ్యాంక్ 2019 ఆదేశాల ప్రకారం, మనిషి నుంచి మనిషికి పంపిన యూపీఐ డబ్బు ఇలా ఇరుక్కుంటే మర్నాటికల్లా దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఈవెంట్లు జరిగిన వరసలోనే కంప్యూటర్‌కి చేరవు. సిగ్నల్ సరిగా లేని లంక గ్రామంలో 9 గంటలకి జరిగినది 9 గంటల 2 నిమిషాలకి చేరితే, దానికంటే తర్వాత జరిగినది ముందే వచ్చేసి ఉండొచ్చు. అందుకే మంచి వ్యవస్థలు చేరిన సమయాన్ని కాకుండా జరిగిన సమయాన్ని చూస్తాయి, వెనకబడినవాటి కోసం కొద్దిసేపు ఆగుతాయి. ఎంతసేపు ఆగాలన్నది ఇంజనీర్లకి పెద్ద లెక్కే. ఎక్కువ ఆగితే దొంగ జారిపోతాడు, తక్కువ ఆగితే లెక్క తప్పుతుంది.

ఈ పనులకి వాడే సాఫ్ట్‌వేర్లలో అపాచీ కాఫ్కా, అపాచీ ఫ్లింక్, ఎస్పర్ పేరున్నవి. కాఫ్కా లింక్డ్‌ఇన్ కంపెనీలో పుట్టి 2011లో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. ఈవెంట్లని ఒకచోటు నుంచి ఇంకోచోటుకి మోయడం దాని పని. ఫ్లింక్, ఎస్పర్ లాంటివి వాటిలో నమూనాలు వెతుకుతాయి. ఐటీ వైపు వెళ్ళాలనుకునే మన పిల్లలకి ఇవి నేర్చుకోదగ్గవి.

హైవే మీద ఒక ఉదాహరణ

ఏలూరు నుంచి విజయవాడ వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారి మీద కలపర్రు టోల్‌గేటు ఉంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో అక్కడ దాటే ప్రతి లారీ ఒక ఈవెంట్ వదిలి వెళుతుంది. ఇంకోపక్క, 50 వేల రూపాయలు దాటిన జీఎస్టీ సరుకు రోడ్డెక్కితే ఈ-వే బిల్లు కావాలి. ఇది 2018 ఏప్రిల్‌లో మొదలైంది. పచ్చి చేపలు, ఉల్లిపాయలు లాంటి పన్ను లేని సరుకుకి మామూలుగా అక్కర్లేదు. ఏలూరు తివాచీల్లాంటి సరుకుకి కావాలి.

2021లో ఈ రెండింటినీ కలిపారు. బిల్లు ఒక ఈవెంట్, టోల్ దాటడం ఒక ఈవెంట్. హైదరాబాద్‌కి సరుకు పంపుతున్నట్టు బిల్లు తీశారు, గడువు అయిపోయేదాకా ఆ లారీ దారిలో ఏ టోల్ దగ్గరా కనపడలేదు. అప్పుడు సరుకు నిజంగా కదిలిందా, కాగితం మీదే కదిలిందా అన్న ప్రశ్న వస్తుంది. ఒకే బిల్లు మీద అదే లారీ అదే దారిలో రెండుసార్లు వెళ్ళినా ప్రశ్న వస్తుంది. ఏ ఒక్క నమోదులోనూ తప్పు దొరకదు, రెండూ పక్కపక్కన పెడితేనే దొరుకుతుంది.

మ్యూల్ ఖాతా ఎలా బయటపడుతుంది?

సైబర్ మోసగాడు కాజేసిన డబ్బుని తన సొంత ఖాతాలో వేసుకోడు. వేరేవాళ్ళ ఖాతాల మీదుగా నాలుగైదు చేతులు మార్పిస్తాడు. అలా వాడుకునే ఖాతాలని మ్యూల్ ఖాతాలు అంటారు. మ్యూల్ అంటే బరువులు మోసే కంచరగాడిద.

అలాంటి ఖాతా నమూనా సాధారణంగా ఇలా ఉంటుంది: చాలాకాలం నిద్రపోయిన ఖాతా ఒక్కసారిగా లేస్తుంది. ఫోన్ లేదా నంబరు మారుతుంది. ముక్కూమొహం తెలియని, వేర్వేరు రాష్ట్రాల మనుషుల నుంచి గంటలోపల డబ్బు పడుతుంది. పడిన నిమిషాల్లోనే మొత్తం వేరే ఖాతాకి వెళ్ళిపోతుంది, లేదా ఏటీఎంలో తీసేస్తారు. మిగిలేది దాదాపు సున్నా. ఇలాంటి ఖాతాలని పట్టుకోవడానికి రిజర్వ్ బ్యాంక్ ఇన్నొవేషన్ హబ్ మ్యూల్‌హంటర్ డాట్ ఏఐ అనే సాధనాన్ని తయారుచేసిందని 2024 డిసెంబరులో ఆర్బీఐ చెప్పింది. లావాదేవీ జరిగే చోటు, ఫోన్, మనిషి అలవాట్లని బట్టి అదనపు తనిఖీ పెట్టుకోవచ్చని 2025 సెప్టెంబరు ఆదేశాల్లో బ్యాంకులకి వెసులుబాటు ఇచ్చింది. వీటికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1.

ఇక్కడ తల్లిదండ్రులు గమనించాల్సింది ఉంది. "నీ ఖాతా వారం రోజులు ఇవ్వు, కమిషన్ ఇస్తాం" అని కాలేజీ పిల్లల్ని, పని లేని కుర్రాళ్ళని వలలో వేసుకుంటారు. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేసి ఐదు వేలో పది వేలో తీసుకున్న కుర్రాడికి అది ఎవరి డబ్బో తెలియదు. పోలీసుల ముందు మాత్రం పేరు వాడిదే ఉంటుంది. ఖాతా మన పేరున ఉన్న అమానత్ లాంటిది. దాన్ని అద్దెకి ఇవ్వడం అంటే సంతకం చేసిన ఖాళీ కాగితం ఇచ్చినట్టే.

యంత్రం పొరబడే చోట్లు

యంత్రానికి నియ్యత్ కనపడదు, నమూనా ఒక్కటే కనపడుతుంది. మన ఇళ్ళల్లో జరిగే కొన్ని మంచి పనుల నమూనా కూడా పైన చెప్పినదానికి దగ్గరగా ఉంటుంది.

రంజాన్‌లో జకాత్, ఫిత్రా వసూలు. ఒక పెద్దమనిషి తన సొంత ఖాతా క్యూఆర్ కోడ్ వాట్సాప్‌లో పెడతాడు. రెండు రోజుల్లో వందమంది నుంచి చిన్నచిన్న మొత్తాలు పడతాయి. పండగకి ముందురోజు అంతా ఒకేసారి పంచేస్తాడు.

బక్రీద్‌లో ఖుర్బానీ వాటాలు. ఏడుగురి డబ్బు ఒకరి ఖాతాలోకి వస్తుంది. అదే రోజు మొత్తం అమ్మకందారుకి వెళుతుంది.

గల్ఫ్ కుటుంబాలు. భర్త దోహాలో ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరుస్తాడు, అదే గంటలో ఆయన కార్డుతో భార్య ఏలూరు ఏటీఎంలో డబ్బు తీస్తుంది. ఒకే మనిషి గంటలో రెండు దేశాల్లో ఉన్నట్టు యంత్రానికి కనిపిస్తుంది.

నాలుగోది మన చిన్న వ్యాపారుల కష్టం. మోసం డబ్బు మూడు చేతులు మారాక, అందులోంచి ఎవరో వచ్చి చేపలు కొని స్కాన్ చేస్తాడు. ఏ పాపం తెలియని దుకాణదారు ఖాతా ఆ గొలుసులోకి వస్తుంది, ఎక్కడో వేరే రాష్ట్రంలో నమోదైన ఫిర్యాదు మీద ఖాతా నిలిచిపోతుంది. వందల రూపాయల వివాదానికి లక్షల వ్యాపారం ఆగకూడదు కదా. ఇలాంటి కేసుల్లో వివాదంలో ఉన్న మొత్తానికే ఫ్రీజ్ పరిమితం చేయాలని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది.

ఇది ఒక్క మతం వాళ్ళ మీద పెట్టిన నిఘా అనుకోనక్కర్లేదు. ఊరి జాతరకి చందాలు వసూలు చేసినవాళ్ళకీ, పెళ్ళి చదివింపులు ఫోన్‌లో తీసుకున్నవాళ్ళకీ ఇలాంటి ఇబ్బంది రావచ్చు. నియమం బిగిస్తే నిర్దోషులు ఇరుక్కుంటారు, వదులు చేస్తే దొంగలు తప్పించుకుంటారు. ఏ వ్యవస్థా రెండింటినీ పూర్తిగా తప్పించలేదు. కాబట్టి యంత్రం ఆపినదాన్ని మనిషి చూసి తేల్చాలి. ఆ మనిషికి చూపించడానికి మన దగ్గర కాగితం ఉండాలి.

మనం చేయాల్సినవి

• మస్జిద్ చందా, జకాత్, ఫిత్రా, మదరసా విరాళాలు వ్యక్తుల ఖాతాలోకి తీసుకోవద్దు. కమిటీ లేదా ట్రస్టు పేరున ఖాతా తెరిచి, దాని క్యూఆర్ కోడే పంచండి. అలాంటి ఖాతాకి చాలామంది నుంచి డబ్బు రావడం మామూలే.

• ఖుర్బానీ వాటాలు, చిట్టీలు, పెళ్ళి ఖర్చులు పంచుకునేటప్పుడు పంపే ప్రతివాళ్ళూ దేనికోసమో రిమార్క్స్‌లో రెండు మాటలు రాయాలి. తీసుకున్నవాళ్ళు పేర్లతో ఒక పట్టీ ఉంచుకోవాలి. అప్పు వ్యవహారం రాసిపెట్టుకోమని అల్ బఖరా సూరా 282వ ఆయత్ చెబుతుంది. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయత్ అదే.

• గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు కార్డు, పిన్ ఇంట్లో ఇచ్చి వెళ్ళే బదులు, ఖాతాని ఇంట్లోవాళ్ళు నడిపేలా పవర్ ఆఫ్ అటార్నీ లేదా జాయింట్ ఖాతా ఏర్పాటు గురించి బ్యాంకులో అడగండి.

• బ్యాంకులో ఉన్న ఫోన్ నంబరు ఇప్పుడు వాడుతున్నదేనా చూసుకోండి. మెసేజ్ చేరకపోతే మోసం జరిగినట్టే తెలియదు.

• మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా డబ్బు పోతే, మెసేజ్ అందిన 3 పని దినాల్లోపల బ్యాంకుకి చెబితే మీకు నష్టం ఉండకూడదని ఆర్బీఐ 2017 జులై ఆదేశాలు చెబుతాయి. 4 నుంచి 7 పని దినాల మధ్య చెబితే కొంత పరిమితి దాకా మీరు భరించాలి. బ్యాంకు తప్పయితే భారం మొత్తం బ్యాంకుదే. కానీ పిన్, ఓటీపీ మీరే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మీదే.

• మోసపోయామని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయండి. 2021లో మొదలైన ఈ ఏర్పాటులో మీ ఫిర్యాదు కూడా ఒక ఈవెంటే. డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకి వెళ్ళిందో బ్యాంకులు దాని వెంటపడి, ఇంకా బయటకి పోని మొత్తాన్ని ఆపుతాయి. డబ్బు నిమిషాల్లో చేతులు మారుతుంది కాబట్టి "రేపు పొద్దున చూద్దాం" అనుకుంటే ఆపడానికి ఏమీ మిగలదు.

• మీ ఖాతా ఫ్రీజ్ అయితే బ్యాంకుకి రాతపూర్వకంగా అర్జీ పెట్టి మూడు వివరాలు అడగండి: ఏ పోలీస్ స్టేషన్, ఫిర్యాదు నంబరు ఎంత, వివాదంలో ఉన్న మొత్తం ఎంత. ఆ రోజు అమ్మకం బిల్లు, ఎవరికి అమ్మారో వివరం జత చేయండి. ఖాతా తెరిపిస్తామని డబ్బు అడిగే దళారుల్ని నమ్మొద్దు.

ఈసారి "మీ లావాదేవీ ఆగింది" అని మెసేజ్ వస్తే కంగారుపడి అందులో ఉన్న లింకు నొక్కకండి, అది కూడా మోసగాడు పంపింది కావొచ్చు. బ్యాంకు యాప్‌లోనో, బ్రాంచికి వెళ్ళో కనుక్కోండి. 1930 నంబరు మాత్రం ఇవాళే ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లలో సేవ్ చేసి పెట్టండి.